ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు?

విమానం ఎక్కే మనిషి దగ్గరికి వెళ్లి, ఇక్కడిదాకా ఏ బండిలో వచ్చావు, ఎందుకు ఆ బండిలోనే వచ్చావు అని అడగడం నా ఉద్యోగం. చాలా ఏళ్లు అదే చేశాను. నేను మాత్రం ఉద్యోగంలో ఉన్నంతకాలం విమానం ఎక్కలేదు. గేటు దాకా వెళ్లి అడిగి వెనక్కి వచ్చేవాణ్ని.

రోడ్లు వేయడానికి, బస్సులు తిప్పడానికి ముందు ప్రజలను అడిగి లెక్కలు తేల్చే సంస్థలు కొన్ని ఉంటాయి. అలాంటి ఒక సంస్థలో చేరి మొదట ఫారాలు నింపాను, తర్వాత నింపేవాళ్ల మీద సూపర్‌వైజర్‌నయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోన్లోనే అన్నీ నొక్కేస్తున్నారు. మంచిదే. కానీ నొక్కే వేలు ఎంత వేగంగా కదిలినా వినే చెవి దాని వేగంతోనే వింటుంది. ఆ చెవి గురించే రాస్తున్నాను. అందులోనూ నా చెవి ఒకసారి ఎలా మోసం చేసిందో రాస్తున్నాను. దాని వల్ల ఒక మనిషి పేరు పోబోయింది.

బస్సులో వచ్చి ఆటో దిగిన పెద్దమనిషి

తొంభైల్లో విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. మా మేడ్చల్ నుంచి కొంపల్లి, బోయిన్‌పల్లి మీదుగా బస్సులో వెళ్లేవాణ్ని. గేటు పక్కన అట్టకు ఫారం బిగించుకుని నిలబడితే అంబాసిడర్లు, మారుతీ వ్యాన్లు, ఆటోలు వచ్చి ఆగేవి.

మొదటి వారంలోనే ఒక పాఠం నేర్చుకున్నాను. సఫారీ సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఆటో దిగాడు. నేను ఆటో అని రాసుకున్నాను. ఎందుకు ఆటో అని అడిగితే, "టైముకు వస్తది కదా" అన్నాడు. అదీ రాసుకున్నాను. అతను లోపలికి వెళ్లాక ఆటో డ్రైవరు నా వైపు చూసి నవ్వాడు.

"ఏం రాసుకున్నవ్ అన్నా? ఆయన గా బస్‌స్టాప్ కాడ నా బండి ఎక్కిండు. గాడి నుంచి గీడికి నడిస్తే బీడీ గూడ కాలదు."

ఆయన ఇంటి నుంచి బస్సులోనే వచ్చాడు. చివరి వంద గజాలకు ఆటో ఎక్కాడు. విమానం ఎక్కే మనిషి గేటు ముందు నడిచి కనిపించకూడదు. ఆ వంద గజాల కోసం డబ్బు పెట్టాడు. ఫారంలో మాత్రం 'సమయం ఆదా' అని టిక్కు పడింది.

అప్పటి నుంచి నేను 'ఏ బండి' అని అడగడం మానేసి, 'ఇంటి గడప దగ్గర మొదట ఏది ఎక్కారు' అని అడిగేవాణ్ని. ప్రశ్న మారితే జవాబు మారుతుందని అప్పుడు తెలిసింది. ఇదే సంగతి తర్వాత నేనే మరిచిపోయాను.

వినడం ఎక్కడ నేర్చుకున్నాను

మా నాయిన ఉపదేశి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లకు సైకిల్ మీద పోయి వాక్యం చెప్పేవాడు. నాకు అక్షరాలు వచ్చింది పలక మీద కాదు, ఆయన పెద్దక్షరాల బైబిలు మీద. పెద్దయ్యాక నేనూ సంఘంలో పిల్లలకు ఆదివారం బడి నడిపాను. ఇప్పటికీ నడుపుతున్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా లేచి సాక్ష్యం చెప్తుంటే మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. చెప్పేవాడు ఏడ్చినా, తడబడినా, దారి తప్పి ఎద్దు కథలోకి వెళ్లిపోయినా, తానే తిరిగి వచ్చేదాకా ఆగాలి. నాయిన అనేవాడు: "అడ్డం మాట్లాడితే ఆయన చెప్పాల్సింది ఆగిపోతది, నువ్వు వినాలనుకున్నదే బయటికొస్తది." ఈ పనికి ఇంతకన్నా మంచి శిక్షణ నాకు ఏ ఆఫీసూ ఇవ్వలేదు. ఆదివారం చర్చిలో అంత బాగా పాటించినవాణ్ని, ఒక శనివారం మేడ్చల్‌లోని మా ఆఫీసు గదిలో పాటించలేదు.

ఆరు గంటల ప్రయాణం

కొత్త విమానాశ్రయం శంషాబాద్‌లో కడుతున్న రోజులవి. ఊరికి ఉత్తరాన ఉన్న మాకు బేగంపేట దగ్గర, శంషాబాద్ ఊరంతా దాటి ఆ చివర. ఈ వైపు జనం ఇప్పుడు ఎలా వెళ్తున్నారు, రేపు ఎలా వెళ్తారు, బస్సు పెడితే ఎక్కుతారా అని తేల్చే పని మా సంస్థకు వచ్చింది. మేడ్చల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఎనిమిది మందిని ఫారాలు నింపడానికి పెట్టాం. ఇంటింటికీ వెళ్లి, ఈ మధ్య విమానం ఎక్కినవాళ్లను అడగాలి.

అందులో సులోచన ఒకరు. గాజులరామారంలో ఉండేది. ముప్పై దాటిన మనిషి. భర్త పనిచేసే జీడిమెట్ల ఫ్యాక్టరీ మూతపడింది. ఇల్లు ఆమె పని మీదే నడుస్తుంది. మాది చిన్న లోకం. ఒక సంస్థలో పని అయిపోగానే ఇంకో సంస్థ పిలుస్తుంది, కానీ పిలిచే ముందు పాత సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ఎట్లాంటి మనిషి అని అడుగుతుంది. ఫారాలు ఇంట్లో కూర్చుని రాస్తుందన్న మాట ఒక్కసారి పడితే ఇక ఎవరూ పిలవరు.

ఆమెకు బహదూర్‌పల్లి కాలనీలు ఇచ్చాను. అక్కడ కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ. కంపెనీ పనుల మీద ఢిల్లీ, బొంబాయి వెళ్లి వస్తుంటారు.

ఫారంలో ఆరో ప్రశ్న: విమానాశ్రయానికి ఎన్ని గంటలకు చేరారు? ఏడో ప్రశ్న: ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు? ఎనిమిదో ప్రశ్న: ఏ వాహనంలో? తొమ్మిదో ప్రశ్న: ఈ వాహనాన్ని ఎంచుకోవడానికి కారణం ఏమిటి? తొమ్మిదికి నాలుగు గళ్లు. ఖర్చు తక్కువ, సమయం ఆదా, సౌకర్యం, ఇతరములు.

సులోచన కట్ట వచ్చాక మా డైరెక్టర్ రంగనాథం గారు నన్ను పిలిపించారు. ఆయన ఇంజినీరు. ఏ దేవుణ్నీ నమ్మరు, సగటును నమ్ముతారు. మంచి మనిషి. కంప్యూటర్ కాగితం నా ముందు పెట్టి వేలితో చూపించారు.

"రత్నం గారూ, మీ బహదూర్‌పల్లి నుంచి బేగంపేటకు ఎంతసేపు పడుతుంది?"

"ముప్పావు గంట. ట్రాఫిక్ ఉంటే గంట సార్."

"ఇక్కడ మూడు గంటలు, నాలుగు గంటలు, ఇదిగో ఈయనకు ఆరు గంటలు. ఆరు గంటల్లో విజయవాడ చేరొచ్చు. నడిచి వచ్చినా ఇంత పట్టదు. ఈ అమ్మాయి ఎవరు?"

నేను చెప్పాను.

"వెళ్లి చూడండి. నిజమైతే సరే. కాకపోతే తీసేయండి, ఫారాలనూ మనిషినీ."

నేను చేసిన తప్పు

నింపిన ఫారం నిజమా కాదా అని సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి అడగడాన్ని తిరుగు తనిఖీ అంటాం. దానికి ఒకటే నియమం. ఫారంలో ఉన్న ప్రశ్ననే, ఉన్న మాటల్లోనే మళ్లీ అడగాలి.

మూడు ఇళ్లకు వెళ్లాను. ఎండగా ఉంది, తొందరగా తేల్చేద్దామనుకున్నాను. గేటు బయటే నిలబడి అడిగాను: "అమ్మా, మొన్న ఎయిర్‌పోర్టుకు పోయినప్పుడు కారు ఎన్నింటికి వచ్చింది?" ఒకరు రెండింటికి అన్నారు. ఫారంలో ఉదయం పది. ఇంకొకరు నాలుగున్నర అన్నారు. ఫారంలో పదకొండు. మూడో ఇల్లూ అంతే. ఇంక చాలనుకుని తిరిగి వచ్చాను.

నేను అడిగింది ఏడో ప్రశ్న కాదని నాకు తట్టనే లేదు. బయలుదేరడం, కారు రావడం నా దృష్టిలో ఒకటే.

శనివారం సాయంత్రం ఎనిమిది మందినీ కూర్చోబెట్టాను. ఆ కట్ట ఎత్తి చూపించాను. "గీ కట్ట ఇంట్ల కూసొని రాసింది. నేను ఇండ్లకు పోయి అడిగొచ్చిన. ఒక్క టైము కలుస్తలేదు."

సులోచన లేచి నిలబడింది. "ఇంట్ల కూసొని రాసెటోళ్లు గిట్ల రాయరు సార్. ముప్పావుగంట అని సక్కగ రాస్తరు. తప్పు పట్టనీకి సందియ్యరు."

ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. అప్పటిదాకా నేను పట్టుకున్న దొంగ ఫారాలన్నీ అందంగానే ఉన్నాయి. అబద్ధం ఎప్పుడూ సగటుకు దగ్గరగా ఉంటుంది. విడ్డూరంగా కనిపించేది సాధారణంగా నిజమే. ఆ సంగతి తెలిసి కూడా, పదిమంది ముందు గొంతు పెంచాక తగ్గించుకోవడం ఇష్టం లేక ముందుకే వెళ్లాను.

"మరి గా టైములు ఏంది?"

"పరస్థానం సార్ గాళ్లది. గందుకే..."

నేను మధ్యలోనే అందుకున్నాను. "ఎవరిది ఏ స్థానమైతే మనకేంది? పరాయి జిల్లాలోళ్లని తప్పుడు టైము రాస్తవా? పనిల గీ ముచ్చట తేవొద్దని మొదటి రోజే చెప్పిన."

ఆ రోజుల్లో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్న మాట ఊళ్లో మాటిమాటికీ వినిపించేది. పరస్థానం అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. పర స్థానం, అంటే పరాయి చోటు నుంచి వచ్చినవాళ్లు అంటోందని అనుకున్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.  సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

అంతటితో ఆగలేదు నేను. అదే సాయంత్రం ఇంకో సంస్థ సూపర్‌వైజర్ ఆమె గురించి ఫోన్ చేస్తే, "పెట్టుకోకండి" అన్నాను.

చర్చి మెట్ల దగ్గర

మర్నాడు ఆదివారం. బడిలో పిల్లలకు ఆజ్ఞలు చెప్తున్నాను. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ దగ్గరికి వచ్చాం. అబద్ధ సాక్ష్యం అంటే తెలిసి అబద్ధం చెప్పడం అని వివరించాను. పిల్లలు తలూపారు.

ఆరాధన అయ్యి బయటికి వచ్చేసరికి మెట్ల కింద సులోచన నిలబడి ఉంది. ఆశీర్వాదం అయ్యేదాకా ఎండలో ఆగింది. మా ఆవిడ ఎస్తేరు ఆమెను నీడలోకి పిలిచి నీళ్లిచ్చింది.

"సార్, మీరు ఆ ఇండ్లకు పోయి ఏమడిగిన్రు?"

"కారు ఎన్నింటికి వచ్చిందని అడిగిన."

"ఫారంల గట్ల లేదు సార్."

సులోచన నీళ్ల గ్లాసు ఎస్తేరు చేతికి తిరిగిచ్చింది.

"ఫారంల ఏముంటే గదే సదవాలె, ఒక్క మాట ఇటు అటు చేయొద్దని మీరే నేర్పిన్రు. మీరెందుకు మార్చిన్రు?" ఆమె గొంతు పెంచలేదు. "ఇంకొక్కపారి రండి సార్. నేను గేటు బయటనే నిలబడ్త. నోరిప్ప. మీరు ఏడో ప్రశ్న ఉన్నదున్నట్టు సదవండి. ఆ ఇంటామె వేరే చెప్తే నేను మళ్ల మీకు కండ్లవడ."

ఎస్తేరు నా వైపు చూసింది. "పిల్లలకు ఇప్పుడేగా చెప్పినవ్" అంది. అంతే అంది.

బయలుదేరిపోయిన మనిషి

బుధవారం పొద్దున పదిన్నరకు బహదూర్‌పల్లి వెళ్లాం. మొదటి ఇల్లు సత్యవతి గారిది. అమలాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త మూర్తి గారు మందుల కంపెనీలో ఉద్యోగి. ఆరు గంటల ప్రయాణం ఆయనదే. సులోచన గేటు అవతల గోడకు ఆనుకుని నిలబడింది. నేను లోపలికి వెళ్లాను.

"నమస్తే అమ్మా. మూర్తి గారున్నారా?"

"లేరండీ, ఢిల్లీ బయలుదేరారు."

ఆమె వెనకే వరండాలో, లుంగీ బనియనుతో ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. బంధువు అనుకున్నాను.

"ఎన్ని గంటలకు బయలుదేరారమ్మా?" ఫారం చూసి, ఉన్నదున్నట్టు చదివాను: "ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు?"

"తొమ్మిదీ నలభైకండీ."

పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది. "సత్యా, బయలుదేరిన మనిషికి ఇంకో కాఫీ ఏమైనా ఇస్తావా, దారిలో తాగమంటావా?"

"బయలుదేరినవాళ్లు మాట్లాడకూడదండీ" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

నాకు ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, ఆయన ఎవరు?"

"మావారే."

"మరి బయలుదేరారన్నారు."

"అదేంటండీ, తెలీనట్టు అడుగుతారు. కారు పన్నెండుంపావుకి వస్తుంది. బుధవారం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా రాహుకాలం. అప్పుడు గడప దాటకూడదు కదా. అందుకని తొమ్మిదీ నలభైకి మంచిది ఉంటే, ప్రస్థానం పెట్టేశాం. పెట్టె ఎదురింటి లలిత గారింట్లో ఉంది. పెట్టె కదిలిందంటే మనిషి కదిలినట్టే."

నేను వెనక్కి తిరిగి చూశాను. రోడ్డుకు అవతల, ఎదురింటి వసారాలో గోధుమరంగు సూట్‌కేసు నిలబడి ఉంది. దాని మీద మడతపెట్టిన కోటు ఉంది.

ప్రస్థానం. పరస్థానం. సులోచన నోట్లోంచి వచ్చింది ఈ మాటే. నేనే సగంలో కోసి, పక్కకు పారేసి, నా భయాన్ని దానికి అతికించాను.

మూర్తి గారు పేపరు దించారు. "ఇవాళ ఇంకో తగాదా కూడా ఉందండీ. బుధవారం ఉత్తరానికి శూల, ఢిల్లీ వెళ్లకూడదంటుంది మా అత్తగారు. ఎయిర్‌పోర్టు మనకు దక్షిణాన ఉందండీ అని నేను. ఇంటి నుంచి దక్షిణానికి వెళ్తాను, అక్కడి నుంచి ఉత్తరానికి విమానం వెళ్తుంది, శూల పైలట్‌కు తగులుతుంది అన్నాను. రెండు రోజులుగా ఆవిడ నాతో మాట్లాడట్లేదు."

నవ్వు ఆపుకుని ఎనిమిదో ప్రశ్న అడిగాను. ఏ వాహనం?

"గండిమైసమ్మ దగ్గర నర్సింహ అని ఉన్నాడండీ, అతని ఇండికా" అంది సత్యవతి గారు.

"కంపెనీ కారు పంపదా అమ్మా?"

"పంపుతుంది. ఊరికేనే పంపుతుంది. ఒకసారి ఆ డ్రైవరు వచ్చాడు. ఎదురింటి దగ్గర ఆపమంటే, పెట్టె మీ ఇంట్లో లేదా మేడం, అద్దెకిచ్చారా అని నవ్వాడు. మావారు దారంతా ముళ్ల మీద కూర్చున్నట్టు వెళ్లారు. అప్పటి నుంచి వద్దన్నాం."

తొమ్మిదో ప్రశ్న చదివాను. "ఈ వాహనాన్ని ఎంచుకోవడానికి కారణం ఏమిటి?"

"ఆగుతాడండీ" అంది. "చెప్పకుండానే ఆ ఎదురింటి గేటు దగ్గర ఆపుతాడు, డిక్కీ తీస్తాడు, పెట్టె తనే తెస్తాడు. ఏంటి, ఎందుకు అని అడగడు. దేవరయాంజాల్ గుడి దగ్గర ఆపమని శామీర్‌పేట వాళ్లు చెప్పినా అంతేనట, ఇంజను ఆపేసి కూర్చుంటాడట. మేం నమ్మేది అతను నమ్మాలని లేదు. నవ్వకపోతే చాలు."

తర్వాత ఆమె నన్ను అడిగింది. "మీ ఇంట్లో పెట్టరా ప్రస్థానం?"

"మేం చర్చికి పోతామమ్మా. మాకు మంచి టైము, చెడ్డ టైము ఉండవు. ప్రార్థన చేసుకుని వెళ్తాం."

"ఇంట్లోనా?"

"ఎక్కువగా చర్చిలో. పెద్దలు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు."

"అయితే మీరూ ఇంటి నుంచి తిన్నగా వెళ్లరన్నమాట" అంది, కాఫీ తేవడానికి లోపలికి వెళ్తూ.

నేను ముహూర్తాలను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కాలమంతా ఒకే చేతిలో ఉందని నా విశ్వాసం. కానీ నా ఫారం అడిగింది నా విశ్వాసాన్ని కాదు. ఆమె ఇంటి మనిషి ఎప్పుడు బయలుదేరాడని ఆమెను అడిగింది. ఆమె చెప్పింది. సులోచన రాసింది. అబద్ధం చెప్పింది నేను ఒక్కణ్నే, అదీ నిజమనుకుంటూ చెప్పాను. ఆదివారం పిల్లలకు ఆ రకం అబద్ధ సాక్ష్యం గురించి చెప్పలేదు, నాకే తెలియదు కాబట్టి.

గేటు బయటికి వచ్చాను.

"అడిగిన్రా సార్?"

"అడిగిన."

"ఏమన్నది?"

"నువ్వు రాసిందే అన్నది. నన్ను మాఫ్ చెయ్యి సులోచనా. పరస్థానం అంటే ఏందో నాకు తెల్వదు."

ఆమె సంచి భుజాన సర్దుకుంది. "మా అవ్వ గూడ పెట్టేది సార్. అందరికి తెల్సనుకున్న. మీకు తెల్వదన్న ముచ్చట నాకు తెల్వదు." తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "గా పదిమంది ముంగట అన్నరు సార్. ఈడ గేటు కాడ చెప్తే ఏమొస్తది?" అంది.

పదిమంది ముందు

ఆ మాట నాకు కొత్త కాదు. మా సంఘంలో అదే పద్ధతి. చాటుగా చేసిన తప్పు చాటుగా ఒప్పుకోవచ్చు. సభలో చేసిన తప్పు సభలోనే ఒప్పుకోవాలి. ఎన్నోసార్లు ఇతరుల చేత ఒప్పించాను. ఇప్పుడు నా వంతు వచ్చింది.

మర్నాడు ఎనిమిది మందినీ మళ్లీ కూర్చోబెట్టాను. సులోచన ఫారాలు నిజమని, తనిఖీలో ప్రశ్న మార్చి అడిగింది నేనని, ఆమె చెప్తుంటే మధ్యలో ఆపింది నేనని చెప్పాను. ఆ రోజు ఆమెను తల పైకెత్తి చూడని ఇద్దరు ఆడపిల్లలు ఇప్పుడు నన్ను తల పైకెత్తి చూడలేదు. అది నాకు తగినదే. చివర కూర్చున్న యాదగిరి అనే ఫారాలు నింపేవాడు, "ఇగ మేం గూడ మిమ్మల తనిఖీ చెయ్యొచ్చా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. సులోచన కూడా కొంచెం నవ్వింది.

ఆ ఇంకో సంస్థకు ఫోన్ చేశాను. అతను విని, "ఇప్పుడు చెప్తే ఏం లాభం సార్, వేరే మనిషిని తీసుకున్నాం" అన్నాడు. ఆ పని ఆమెకు పోయింది. క్షమాపణ అన్నింటినీ వెనక్కి తేలేదు. మీరు ఎవరి గురించైనా ఫోన్లో మాట చెప్పేముందు ఇది గుర్తుంచుకోండి.

రంగనాథం గారికి అంతా చెప్పాను. ఆయన పకపకా నవ్వి, తర్వాత ఆలోచించి, "మనిషిని తీసుకోండి. ఫారాలు ఉంచితే మాత్రం సగటు చెడిపోతుంది" అన్నారు.

"వంద గొర్రెల్లో ఒకటి దారి తప్పితే తొంభై తొమ్మిదిని వదిలి దాని కోసం పోయిన కాపరి కథ మాకు చెప్తారు సార్."

"ఆయన సర్వే చేయలేదు రత్నం గారూ. గొర్రెలు కాశాడు."

 కానీ ఆయన మొండివారు కాదు. ఫారాలు ఉంచారు. ఏడో ప్రశ్నను రెండు చేశారు. సామాను ఎప్పుడు కదిలింది, మనిషి ఎప్పుడు కదిలాడు. మిగిలిన కాలనీల్లో అలాగే అడిగాం.

తొమ్మిదో ప్రశ్న సంగతి మాత్రం నేను గెలవలేదు. ఆ వారమంతా పాత కట్టలన్నీ తీసి చూశాను. సులోచన ప్రతి 'ఇతరములు' గడి పక్కన, అంచులో, చిన్న అక్షరాలతో రాసింది. ఆగుతాడు కాబట్టి. గుడి దగ్గర ఆగుతాడు. మా అమ్మను దించి మళ్లీ ఎక్కించుకుంటాడు. ఎదురింటి దగ్గర ఆపితే విసుక్కోడు. ఫారాలను కంప్యూటర్‌కు ఎక్కించడానికి పంపేటప్పుడు ఆ అంచు రాతలన్నిటికీ 'ఇతరములు' అన్న ఒకే అంకె వేసి నేనే కొట్టేశాను. రిపోర్టులో అవి 'ఇతరములు' అనే వెళ్లాయి. బస్సు ఎక్కడ ఆగాలో అందులో పేజీలకు పేజీలు ఉంది. పెట్టె ఎక్కడ ఆగుతుందో ఒక్క వాక్యం లేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నాకు తెలిసింది ఒకటే చెప్తాను. జనం బండిని ఖర్చు చూసి, సమయం చూసి ఎంచుకుంటారని పుస్తకాలు చెప్తాయి. అబద్ధం కాదు. కానీ ఇల్లు విడిచే గంటలో మనిషి కొంచెం భయంగా ఉంటాడు. ఆ భయాన్ని చూసి నవ్వని బండి కోసం ఉచితంగా వచ్చే కారును కూడా వద్దంటాడు. దాన్ని అతను మీకు చెప్పడు. మీరు మాట్లాడకుండా ఆగితే, చెప్పవచ్చు.

శంషాబాద్‌లో

కొత్త విమానాశ్రయం మొదలైన కొంతకాలానికి నేను రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడు చెన్నైలో ఎస్తేరు చెల్లెలి కూతురి పెళ్లి. మొదటిసారి విమానం టికెట్ కొన్నాను. బండి అంటే నాకు నర్సింహే గుర్తొచ్చాడు. ఇండికా పాతబడింది, మనిషి కొంచెం లావయ్యాడు.

శంషాబాద్‌లో లోపలికి వెళ్లే వరుస దగ్గర, మెడలో కార్డు వేసుకున్న ఒకామె ఇద్దరు అమ్మాయిలకు అట్ట ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. సులోచన. ఇప్పుడు ఆమే సూపర్‌వైజర్. నన్ను చూసి నవ్వింది, ఎస్తేరు చేతులు పట్టుకుంది. ఆ తర్వాత అమ్మాయిల వైపు తిరిగి, "సూడుండ్రి" అని, ఫారం ఎత్తి, ఎప్పుడూ చూడని మనిషిని అడిగినట్టు, పుస్తకంలో ఉన్నదున్నట్టు చదివింది.

"ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు?"

"తొమ్మిదింటికి" అన్నాను.

"తొమ్మిదేంది" అంది ఎస్తేరు. "ఆరింటికి. బ్యాగులు తీస్కపోయి చర్చిల పెట్టి, పెద్దలు ప్రార్థన చేసిన్రు గదా. మళ్ల బ్యాగులు ఎందుకు మోసుడని ఆడనే ఇడిచిపెట్టి ఇంటికొచ్చి ఉప్మా తిన్నం. పోతాంటె ఎక్కించుకున్నం."

నేను ఎస్తేరు మొహం చూశాను. ఆమె నా మొహం చూసింది. మా రెండు బ్యాగులు మూడు గంటల సేపు చర్చి వసారాలో నిలబడి ఉన్నాయి. బహదూర్‌పల్లిలో గోధుమరంగు పెట్టె నిలబడినట్టే. అది నాకు అప్పటిదాకా తోచలేదు.

సులోచన పెన్ను కాగితం మీద ఆనించి ఆగింది. నవ్వలేదు. తొందరపెట్టలేదు. వెనక వరుస కదులుతోంది, అమ్మాయిలిద్దరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె అలాగే ఆగి ఉంది.

"ఆరింటికి" అన్నాను. "ఆరింటికే బయలుదేరినం."

రాసింది. తర్వాత తొమ్మిదో ప్రశ్న చదివింది. "ఈ వాహనాన్ని ఎంచుకోవడానికి కారణం ఏమిటి?"

"చర్చి దగ్గర ఆగుతాడమ్మా."

ఆమె గళ్ల వైపు చూడలేదు. అంచులో కాదు, గళ్ల కింద ఇప్పుడు గీసి ఉన్న ఖాళీ గీత మీద, నేను చెప్పిన మూడు మాటలూ పూర్తిగా రాసింది.